వావిలి కొసలు, కిక్కస కాడలు

బాణాలు చేస్తానని చెబితే జనం ముందు నా చేతులు చూసేవారు, తర్వాత నా ముఖం చూసేవారు, ఆ తర్వాత మా ఆవిడ రూతమ్మ వైపు తిరిగి జాలిగా తల ఊపేవారు. ఆ జాలిలో ఆవిడకు కొంత న్యాయంగానే దక్కాలి. ఆవిడ ప్రాణంగా పెంచుకున్న కరివేపాకు చెట్టును ఒక చలికాలం నేను మోడు చేసి, కొమ్మలు బాణాలకు పనికొస్తాయేమోనని నీడలో ఎండబెట్టాను. పనికిరాలేదు. ఆ ఏడాదంతా మా ఇంట్లో చారు ఎంత చప్పగా ఉండేదంటే, ఈగలు కూడా పక్కింటికి భోజనానికి వెళ్లేవి.

ఇప్పుడు పని మానేశాను. కుడిచేతి బొటనవేలు మొరాయించింది. అల్యూమినియం బాణాలు వచ్చాయి. పైగా మా శంషాబాద్ పొలాల్లోకి విమానాలు దిగబోతున్నాయని చెప్పుకుంటున్నారు. ఆకాశంలో పోటీ ఎందుకని పెద్దమనసుతో పక్కకు తప్పుకున్నానని బయట చెబుతుంటాను. బొటనవేలి సంగతి ఇంట్లోవాళ్లకే తెలుసు.

ఈమధ్య అత్తాపూర్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఈ పని నేర్పమన్నారు. వేలు నేర్పనివ్వలేదు కాబట్టి రాసి ఇస్తున్నాను.

పని పెరట్లో మొదలవుతుంది

బాణం చేయడమంటే ములికి అతికించి, ఈక కట్టడం అనుకుని వస్తారు. ఆ పని కోతికి కూడా నేర్పవచ్చు. కోతి మనకంటే శుభ్రంగా చేస్తుంది కూడా. అసలు పని బాణం పుల్ల. పుల్ల బాగుంటే ఈక సగం ఊడినా బాణం పోయి తగులుతుంది. పుల్ల వంకరైతే గరుత్మంతుడి ఈక కట్టినా పక్కవాడి కాలికే తగులుతుంది.

మంచి పుల్ల బజార్లో దొరకదు. చెరువు గట్టున దొరికేదాన్ని మేకలు కొరికి ఉంటాయి, బర్రెలు తొక్కి ఉంటాయి. అందుకని ఇంట్లోనే పెంచాను. మా పెరడు చాలా పెద్దది. రెండు మంచాలు వేశాక మూడో మంచం వెయ్యాలంటే మాత్రం గోడ ఎక్కాలి. ఆ మహారణ్యంలో రెండు పంటలు వేశాను.

ఒకటి కిక్కస. చెరువు అంచున మనిషి ఎత్తును మించి పెరిగే బోలు గడ్డి. చూడటానికి వెదురుకు పినతండ్రి కొడుకులా ఉంటుంది. మా స్నానాల గది నీళ్లు పోయే కాలవ పక్కన దుంపలు పాతాను. మా ఇంటిల్లిపాదీ ఒళ్లు రుద్దుకున్న సబ్బునీళ్లు తాగి అది ఎంత ఎదిగిందంటే, పక్షులు దాని మీద వాలేముందు అనుమతి అడిగేవి. కిక్కస కాడ తేలిక, నునుపు, తిన్నగా ఉంటుంది. తేలికదనమే దాని రోగం. గాలి వీస్తే ముందు కొస ఊగుతుంది, గట్టిగా తగిలితే మూతి పగులుతుంది.

రెండోది వావిలి. పెరటికి వీధివైపు కంచెగా వేశాను. ఆకు చేదు కాబట్టి మేక మూతి పెట్టదు. చలికాలం చివర దాన్ని నేలమట్టానికి నరికేస్తే, మోడులోంచి చిగుళ్లు గుంపుగా లేస్తాయి. ఇరుకులో పుట్టినవి కాబట్టి వెలుతురు కోసం ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ నిటారుగా పైకి పోతాయి. అన్నదమ్ములు ఎక్కువున్న ఇంట్లో పిల్లలు త్వరగా ఎదిగినట్టే ఇదీను. వచ్చే చలికాలానికి కోసి, కట్టగా బిగించి, వంటింటి కప్పు కింద పొగ తగిలేచోట వేలాడదీయాలి. పొగ తగిలితే పురుగు పట్టదు. ఆరాక కుంపటి మీద వెచ్చజేసి, బొటనవేలితో ఒత్తుతూ వంకర తీసి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. నా బొటనవేలు మొరాయించింది ఊరికే కాదు. శంషాబాద్ చుట్టుపక్కల వంకరగా పుట్టిన ప్రతి కట్టెకూ అది సమాధానం చెప్పింది.

ఒకటే నియమం. వావిలి చిగురు కొసను తుంచకూడదు. కొస పోతే చిగురుకు దిక్కు తోచదు. పక్కలనుంచి నాలుగు కొమ్మలు వేసి పొదలా కూర్చుంటుంది. ఇక అది వాసానికి రాదు, బాణానికి రాదు. ఈ నియమం గుర్తుంచుకోండి, ముందుముందు దీన్ని ఎలా తుంగలో తొక్కారో చెబుతాను.

మా మామ, హార్మోనియం

ఈ పనిలో నా మొదటి అధికారి మా మామ యాకోబు. రూతమ్మ తండ్రి. పిల్లనిచ్చాడు, పని నేర్పాడు, రెండింటికీ నేను తగనని చనిపోయేదాకా నమ్మాడు. భాగవతాలు ఆడే మేళాలకు ఆయన బాణాలు చేసేవాడు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని ప్రార్థన చేసి, సోమవారం రాముడి అమ్ములపొది నింపేవాడు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "దేవుడు దేవుడే గాని, పుల్ల సక్కగ లేకుంటె ఏ దేవుడు మెచ్చుకుంటడు?" అనేవాడు.

ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం వినండి. "అల్లుడా, మేళం బాణం సూడనీకె బాగుండాలె. ఎగరొద్దు."

దాని అర్థం నాకు మామిడిపల్లి ఆటలో తెలిసింది. ఒక కిక్కస బాణం మూతి పగిలితే, పారేయడం ఎందుకని నేను దాని బోలులో జానెడు వావిలి ముక్క బిగించి, దారం చుట్టి, జిగురు పూసి లక్ష్మణుడి పొదిలో పెట్టాను. లక్ష్మణుడు వేసేవాడు మంచి మనిషి, పగలు ద్రాక్షతోటలో కాపలా. ఎప్పటిలాగే ముద్దుగా తాడు లాగి వదిలాడు. బాణాలు ఎప్పుడూ అతని కాళ్ల దగ్గరే పడేవి. ఇది పడలేదు. ఇంద్రజిత్తు చెవి పక్కనుంచి గీత గీసినట్టు పోయి, హార్మోనియం తిత్తిలో దిగబడింది. హార్మోనియం పెద్దగా నిట్టూర్చి ప్రాణం వదిలింది. ఇంద్రజిత్తు తనవంతు రాకముందే చచ్చిపడుకున్నాడు, మళ్లీ లేవమంటే ఒప్పుకోలేదు.

మామ నన్ను పక్కకు పిలిచి ఆ అతుకు చూశాడు. "గిది ఎవడు సెయ్యమన్నడు నిన్ను?"

"పగిలింది గదా మామా, జర బాగుచేసిన."

"బాగుచేసినవా? మనిషిని సంపేటట్టు చేసినవ్. ముందల బరువు, ఎనక తేలిక. ఇట్లుంటే పిట్టలెక్క పోతది. ఇంకోసారి చేసినవంటె నా బిడ్డను తీస్కపోత."

బిడ్డను తీసుకుపోతాడన్న భయంతో ఆ అతుకు మళ్లీ వేయలేదు. రూతమ్మ దగ్గర ఈ మాట అంటే, "భయంతోనా, ఆశతోనా?" అంటుంది.

కోచ్ గారి గాలి పరీక్ష

తొంభైల మొదట్లో ఒక వేసవి చివర, స్కూటరు మీద ఒక సన్నటి మనిషి మా ఇంటికి వచ్చాడు. మూర్తిగారు. కోస్తావైపు నుంచి వచ్చి, మా వైపు పిల్లలకు వెదురు విల్లుతో విలువిద్య నేర్పుతున్నాడు. మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టు ఉండేది. కుర్చీ ఇస్తే కూర్చునేముందు కుర్చీకి కూడా నమస్కారం పెట్టేలా ఉన్నాడు.

"దేవసహాయంగారూ, మీరు నాటకాలకు బాణాలు చేస్తారని విన్నానండి. ఎగిరే బాణాలు చేయగలరా?"

పాతికేళ్లుగా ఎగరని బాణాలు చేసినవాణ్ణి అలా అడిగితే ఏం చెప్పాలి? "ఎగరకుండ ఆపుడే కష్టం సార్," అన్నాను.

ఆయన వెంట ఒక పిల్ల వచ్చింది. అనిత. మా వీధి చివర ఉండే యాదమ్మ రెండో కూతురు. గడపకు ఇటు ఒక కాలు అటు ఒక కాలు వేసి నిలబడి ఉంది. పదో తరగతి అయింది. వాళ్లది మల్లెతోట, అరెకరం వరి. చలికాలం దాటాక జిల్లా జట్టుకు ఎంపిక ఉంది. ఎంపికైతే నగరంలో ఆటల హాస్టల్లో చోటు, కాలేజీ చదువు. కాకపోతే చదువు బంద్, ద్రాక్ష గంపలు మోయడమే. వాళ్ల నాయన ఆ మాట తేల్చి చెప్పేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, పెద్దకూతురి పెళ్లి చేసి అలిసిపోయినవాడు.

"పిల్ల చెయ్యి బంగారమండి," అన్నాడు మూర్తిగారు. "బాణాలే ఒకదానికొకటి పోలిక లేవు. ఒకటి తూర్పు పోతే ఇంకొకటి పడమర. ఎంపిక జరిగేది బీడు మైదానంలో. అక్కడ గాలి ఎక్కువ. గాలికి చెదరని జత కావాలి. అన్నీ ఒకే బరువు, ఒకే బిగువు."

"కాకా, అయితదా?" అంది అనిత.

కంచె చూపించాను. మోడుల్లోంచి వావిలి చిగుళ్లు అప్పుడే బెత్తెడు లేచాయి. "ఈ వరసంత నీదే బిడ్డా. చలికాలానికి అర్జునుడు అడిగినా ఇయ్య."

మాట ఇచ్చానని వీధంతా చెప్పుకున్నాను. తుక్కుగూడ దాకా తెలిసింది. నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారన్నది నా సిద్ధాంతం. చిక్కల్లా, గొప్ప చెప్పుకున్నాక పని కూడా చేయాల్సి ఉంటుంది.

బాలింత ఆకు

తొలకరి పడింది. చిగుళ్లు మోకాలెత్తు లేచాయి. ఒక తెల్లవారి నేను పళ్లు తోముకుంటూ వెళ్లేసరికి, యాదమ్మ కంచె దగ్గర నిలబడి వావిలి కొసలు పటపట తుంచి ఒడిలో వేసుకుంటోంది.

"ఏంది యాదమ్మా, ఏం చేస్తున్నవ్?"

"పెద్దదానికి రాత్రి కాన్పయింది దేవన్నా. మొగపిల్లగాడు. తానానికి ఆకు కావాలె."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. తొలి కాన్పు తల్లిగారింట్లో. బాలింతకు కాగులో వావిలి ఆకు మరగబెట్టిన నీళ్లతో స్నానం చేయించాలి. ఒళ్లు నొప్పులు పోతాయని నమ్మకం. మా వీధిలో హిందువులైనా మా చర్చివాళ్లైనా దీనికి తేడా లేదు. బాలింతకు ఆకు అడిగితే లేదనకూడదు. లేదన్న ఇంట చెట్టు ఎండిపోతుందంటారు. మా రూతమ్మ బాలింతగా ఉన్నప్పుడు యాదమ్మ వాళ్ల అత్త గంపతో ఆకు తెచ్చి ఇచ్చింది.

అందుకని నేను పళ్లు తోముకుంటూ, నురగ మింగుతూ, నవ్వాను. "మంచిగయింది. జర కింది ఆకు తెంపుకో యాదమ్మా. కొసలు మీ అనిత బాణాలకు."

"కింది ఆకు ముదురు అన్నా. వాసన రాదు. లేత ఆకుకే గుణం."

"కొస తెంపితె కట్టె ఎదగదు."

"కట్టె మళ్ల ఎదుగుతది. బాలింత ఒళ్లు మళ్ల వస్తదా?"

ఆమె ఒడి సర్దుకుని పోయింది, నేను మూతి కడుక్కున్నాను. 

మర్నాడు చెరువు దగ్గరకు వెళ్లి, బస్తా నిండా లేత వావిలి ఆకు కోసి, నెత్తిన పెట్టుకుని వాళ్లింటికి మోశాను. శంషాబాద్ చరిత్రలో ఒక మగవాడు బాలింత ఆకు మోయడం అదే మొదటిసారి. యాదమ్మ ఒక రెమ్మ నలిపి వాసన చూసి పక్కన పడేసింది. "బురద ఆకు. మీ కంచె ఆకు పడ్డది బిడ్డకు. పిల్లగాడు మస్తు పండుకుంటుండు."

కంచెలో పాము తిరుగుతోందని పుకారు పుట్టించాను. మర్నాడు కట్టె పట్టుకుని వచ్చి, కంచెంతా దులిపి, పాము కనపడకపోయేసరికి శ్రమ వృథా కాకూడదని రెండు ఒడులు తుంచుకుపోయింది. నా మాట నమ్మి మా రూతమ్మ ఒక్కతే వారం రోజులు పెరట్లోకి రాలేదు. గిన్నెలు నేను తోమాను.

పోనీ అనితతో చెప్పిద్దామనుకున్నాను. పిల్ల కంచె దగ్గరకు వచ్చి, తుంచిన కొసల వంక చాలాసేపు చూసింది. తన బాణాలు తన అక్క నీళ్ల కాగులో ఉడికిపోతున్నాయని దానికి తెలుసు.

"మీ అమ్మకు జర చెప్పు బిడ్డా."

"ఎట్ల చెప్పాలె కాకా? అక్క నడుము నొస్తుందని ఏడుస్తది. నీళ్లు పోసినంక మంచిగ పండుకుంటది. బాణాలు నాకు కావాలని అక్కకు నీళ్లు వద్దంటనా?"

ఆ తర్వాత నేనూ వద్దనలేదు. కొస తుంచినచోటల్లా పక్క కొమ్మలు వేశాయి, వాటి కొసలూ యాదమ్మ తుంచింది. ఆ బాలింతకు స్నానాలు అయిపోయేసరికి వీధిలో ఇంకో ఇద్దరికి కాన్పులయ్యాయి. మా కంచె ఆకు మహిమగలదని యాదమ్మ చాటింది. గొప్పలు చెప్పే విద్యలో నాకు పోటీ ఉందని అప్పుడే తెలిసింది.

ముక్కలు

చలికాలం వచ్చింది. కంచె కోశాను. బాణానికి సరిపడా పొడుగున్న కట్టె ఒక్కటీ లేదు. మోడు దగ్గర వంకరభాగం, పైన పొదలా కొమ్మలు, మధ్యలో జానా బెత్తెడు తిన్నటి ముక్క. అన్నీ అంతే. ఆ ముక్కల్ని వాకిట్లో గుట్టపోసి కూర్చుంటే, పళ్లు తోముకునే పుల్లల కొట్టు పెడుతున్నానా అని దారినపోయేవాళ్లు అడిగారు.

మూర్తిగారు వచ్చి గుట్ట చూశాడు.  ఇంకెక్కడైనా బాణాలు దొరకవా సార్ అని నేనే అడిగాను. ఉన్నవాటితోనే పోవాలన్నాడు. ఉన్నవాటి సంగతి మనకు తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలపకుండా చేతిలో వావిలి ముక్క తిప్పుతున్నాను. కొస తుంచిన చెట్టు పైకి పోలేక లోపల్లోపల గట్టిపడ్డట్టుంది. ఎప్పుడూ కోసే కట్టెకంటే ఇది బరువుగా ఉంది. గోరు దిగలేదు.

"అది కంచంలో పెట్టుకోకు," అంది రూతమ్మ. "మా నాయన ఒక్కడే చాలు ఈ ఇంట్ల పుల్లలు నమిలినోడు." తనే నవ్వింది. "హార్మోనియం యాదికొస్తలేదా నీకు?"

ముక్క నా చేతిలో ఆగింది. ముందు బరువు, వెనక తేలిక. పిట్టలా పోతుంది. మామ వద్దని తిట్టిన మాట అది. పాతికేళ్లు ఆ తిట్టును తిట్టుగానే మోశాను. ఎగరకూడని బాణానికి అది తప్పు. ఎగరాల్సిన బాణానికి?

అన్నం అలాగే వదిలి కిక్కస దగ్గరకు పోయాను. పిలవకుండానే రూతమ్మ కుంపటి రాజేసింది. కిందటి ఏడాది కోసి పొగలో ఆరబెట్టిన కాడలు ఉన్నాయి. ఒకే లావున్నవి ఏరాను. వావిలి ముక్కల్ని ఆ కుంపటి సెగకు ఆరబెట్టాను. కాడ బోలులోకి వావిలి ముక్క ఒక చివర సన్నగా చెక్కి, వదులు లేకుండా బిగించి, దారం చుట్టి, జిగురు పూసి, ముందు ములికి పెట్టాను. వెనక బాతు ఈకలు. కంసాలి దగ్గర తక్కెడ అరువు తెచ్చి, బంగారం తూచినట్టు తూచాను. బరువు ఎక్కువైన ముక్కను గాజుపెంకుతో గీకాను. కంసాలి వచ్చి తక్కెడ తిరిగి అడిగితే, పని కాలేదని అతన్నే కూర్చోబెట్టి తూయించాను.

మొదటి బాణాన్ని అనిత, కోతైన వాళ్ల వరిమడిలో నిలబడి వేసింది. మూర్తిగారు అతుకు మీద వేలు పెట్టి చూశాడు.

"అతుకుల బాణమా, దేవసహాయంగారూ?"

"అతుకులు లేని సంసారం ఎక్కడుంది సార్?"

అనిత లాగి వదిలింది. ఆ బాణం పోయిన తీరు వర్ణించాలంటే నాకు అబద్ధాలు చాలవు, అందుకని నిజమే చెబుతాను. ఊగలేదు. గురిగా నిలబెట్టిన గడ్డిబొమ్మ గుండెలో దిగి, తోకదాకా నిశ్చలంగా నిలబడింది. ఆ రోజు ఈదురుగాలి వీస్తోంది. పిల్ల రెండోది వేసింది. మొదటిదాని పక్కనే దిగింది.

మూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దీన్ని మీరు ఎక్కడ నేర్చుకున్నారండి?"

"హార్మోనియం దగ్గర సార్," అన్నాను. ఆయన మర్యాదస్తుడు కాబట్టి తల ఊపి బాణాలు పీకడానికి వెళ్లాడు.

బీడు మైదానం

ఎంపిక రోజు గాలి మాట నిలబెట్టుకుంది. షామియానా ఒక మూల ఊడి, అధికారుల మీద గొడుగులా వాలింది. చాలామంది పిల్లల దగ్గర నగరంలో కొన్న మంచి వెదురు బాణాలు ఉన్నాయి. చూడటానికి మెరుస్తున్నాయి. అనిత బాణాలు కాళ్లకు కట్లు కట్టుకున్న కొంగల్లా ఉన్నాయి. ఒక అధికారి వాటిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఇవి నియమాలకు ఒప్పుతాయా అన్నాడు. వెదురు జాతి కాడ, కట్టె, ఈక, ఇనుప ములికి. ఇందులో ఒప్పనిది ఏముందని మూర్తిగారు రేడియో గొంతుతో అడిగాడు. ఆ అధికారి మరో అధికారిని అడిగాడు, అతను ఇంకొకరిని. నా గుండె ఆ సమయంలో ఎంత గట్టిగా కొట్టుకుందంటే, మైకు సరిచేసేవాడు రెండుసార్లు నావైపు తిరిగాడు. చివరికి కానివ్వండి అన్నారు.

మెరిసే బాణాలు గాలికి పక్కకు జరిగాయి. అనిత బాణాలు జరగలేదని చెప్పను, ఇది కథ కాదు. రెండు పక్కకు పోయాయి. అందులో ఒకటి తన చెయ్యి తొందరపడటం వల్ల. ఆఖరి వరసకు వచ్చేసరికి అనితా, ఇంకో పిల్లా ఒక స్థానం కోసం మిగిలారు. రెండో పిల్ల మంచి విలుకత్తె. గాలి ఆగేదాకా ఆగి వేసింది, బాగా తగిలింది.

అనిత గాలి ఆగేదాకా ఆగలేదు. తాడు లాగి, గాలి వీస్తుండగానే వదిలింది. బాణం తలొంచుకుని, ఎవరి మాటా వినని పెళ్లికొడుకులా నేరుగా పోయి మధ్యలో దిగింది.

తర్వాత నేను పక్కకు వెళ్లి షామియానా గుంజను పట్టుకుని నిలబడ్డాను. గుంజ పడిపోకుండా పట్టుకున్నానని అందరికీ చెప్పాను.

"ఎందుకు ఆగలే బిడ్డా?" అని దగ్గరకొచ్చిన అనితను అడిగాను.

"ఆగితే బాణాన్ని నమ్మనట్టయితది గద కాకా," అంది.

పేర్లు చదివారు. అనిత పేరు చదివారు. నా బతుకులో నాకు ఇచ్చిన శాలువాలు ఉన్నాయి, పొగడ్తలు ఉన్నాయి. కొన్ని నేనే ఇప్పించుకున్నాను. బాణాన్ని నమ్మానని ఆ పిల్ల అన్న మాట ముందు అవేవీ నిలవవు.

ఊళ్లోకి వచ్చేసరికి యాదమ్మ మనవణ్ణి చంకన వేసుకుని మా కంచె దగ్గర నిలబడి, చేరినవాళ్లకు చెబుతోంది. "కొసలు నేను తెంపితెనే కట్టె గట్టిపడ్డది. దేవన్న వద్దన్నడు. పామున్నదని కూడ బెదిరిచ్చిండు. నేను ఇన్ననా?"

  పాము ఉత్తదేనని ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట.

కొత్తవాళ్లకు

మిగతా ఏళ్లు ఆ అతుకు బాణాలే చేశాను. ఎక్కడెక్కడినుంచో పిల్లలు వచ్చారు. మీరు ఈ పనిలోకి వస్తే నా నిక్కచ్చి మాట ఇది. డబ్బు కోసమైతే రావద్దు, పేరు కోసమైతే నాలా నోరుండాలి. మొక్క నాటేటప్పుడు వీధివైపు నాటండి. ఊరికి పనికొచ్చే మొక్క నాటండి. ఊరి చెయ్యి పడకుండా కాపాడుకున్న కట్టె నాకెప్పుడూ గొప్ప బాణం ఇవ్వలేదు. నియమాలు నేర్చుకోండి, మీ గురువు తిట్లు మాత్రం ఇంకా జాగ్రత్తగా దాచుకోండి. ఏ తిట్టులో ఏ పాఠం ఉందో అవసరం వచ్చేదాకా తెలియదు.

పని మానేశాక కంచె కొయ్యలేదు. చిగుళ్లు ఇష్టమొచ్చినట్టు పెరిగాయి. అనిత చదువుకుంది, నగరంలో పిల్లలకు విలువిద్య నేర్పే ఉద్యోగం చేసింది, అక్కడే పెళ్లి చేసుకుంది. మొన్న వానల ముందు కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది.

తెల్లవారి యాదమ్మ వచ్చింది. ముసలిదైంది, నడుము కొంచెం వంగింది. చెయ్యి మాత్రం అదే. కంచె పొడుగునా ఒక్కో చిగురు పట్టుకుని కొస తుంచుకుంటూ పోతోంది. ఒడి నిండింది. గంప నిండింది. అయినా ఆపలేదు.

"ఒక్క బాలింతకు ఇంత ఆకెందుకు యాదమ్మా? ఊరందరికి తానం చేయిస్తవా?"

"ఆకు అనితకు. కట్టె దాని బిడ్డకు."

"నేను పని బంద్ చేసి ఏడాది దాటింది గద. వేలు వంగదు."

"నువ్వు బంద్ చేసినవ్ అన్నా. చెట్టుకు తెల్వది," అని మరో కొస తుంచింది.

లోపలికి వచ్చి, కట్టె కోసే కత్తి ఎక్కడ పెట్టావని రూతమ్మను అడిగాను. కత్తి దాచిన పెట్టె తాళంచెవి కొంగుకు కట్టుకుని ఉంది, విప్పి ఇచ్చింది. కరివేపాకు చెట్టు సంగతి ఆవిడ ఇంకా మరచిపోలేదు.